వాగు అవతలి మాట

నా చిన్నప్పుడు మేముండే ఊరికి ప్రెసిడెంటు లేడంటే మా తాతయ్య ఒక పట్టాన నమ్మలేదు. భిలాయిలో, రుఆబాంధా సెక్టారు చివరి వరసలో ఉండేది మా క్వార్టరు. నాన్న ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవారు. నాయనమ్మ పోయాక తాతయ్యను శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆ పల్లెకు ఆయన రెండు విడతలు పంచాయతీ ప్రెసిడెంటుగా చేశారు. వీధి దీపం వెలగకపోయినా, బడి కప్పు కారినా, కాలవకు గండి పడినా జనం ముందుగా వచ్చేది ఆయన అరుగు మీదికే. మా క్వార్టరుకు అరుగే లేదు. వేళకు కుళాయిలో నీళ్లొచ్చేవి, వేళకు దీపాలు వెలిగేవి, కాలవలు ఎవరో తీసి వెళ్లేవారు. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం ఆయనకు అంతుబట్టేది కాదు.

"ఈ ఊరినెవులు సూస్తారే?" అని ఒకరోజు నన్నే అడిగారు.

ప్లాంటు చూస్తుంది తాతయ్యా, అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, మరి ఏదన్నా అడగాలంటే ప్లాంటుకు మొహమేదీ అన్నారు.

మొహమున్న ఊరిని ఆయనే వెతుక్కున్నారు. మా వరస దాటితే పొలాలు. పొలం గట్ల వెంట అరగంట నడిస్తే ఒక చిన్న పల్లె. కార్తీకమాసపు పొద్దుటి పూటల్లో ఆ దారి ఇప్పుడు తలుచుకుంటే నిజంగా నడిచానో, నిద్రలో నడిచానో చెప్పలేను. మంచు కమ్మిన వరిచేలు, ముందు తాతయ్య తెల్ల పంచె, వెనక ఆయన వేలు పట్టుకుని నేను. వెనక్కి తిరిగితే కొలుముల మీది ఆకాశం లేత గులాబీ రంగులో ఉండేది. ప్లాంటు చప్పుడు అంత దూరానికి సన్నని హోరుగా వినిపించేది. తాతయ్య ఆగి, చెవి అటు పెట్టి, మా ఊళ్లో సముద్రం కూడా ఇలాగే వినబడతాదే అనేవారు. సముద్రాన్ని చూడని నాకు చాలా ఏళ్ల వరకు సముద్రమంటే మంచు అవతల ఇనుము కరుగుతున్న చప్పుడే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తాతయ్యకు హిందీ ముక్క రాదు. నాకేమో హిందీ తెలుగు కన్నా ముందు నోటికొచ్చేది. మా వీధికి కూరలు తెచ్చే వాళ్ల పిల్లలతో ఆడి ఛత్తీస్‌గఢీ కూడా పట్టుబడింది. తెలుగు మాత్రం భోజనాల దగ్గర, వంటింట్లో వినబడినంత వరకే. అయినా ఆయన మాటను అక్కడివాళ్లకూ, అక్కడివాళ్ల మాటను ఆయనకూ చేర్చే పని నాదే అయింది. బడి లేని రోజుల్లో పొద్దున్నే బయలుదేరేవాళ్లం.

ఆ పల్లె సర్పంచ్ నలభై ఏళ్ల రైతు. పంచాయతీ ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, మూలన రేకు పెట్టె. తన దగ్గరికి ఒక తెలుగు ముసలాయన మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, నేనూ మీలాంటివాణ్ణే అని చెప్పించేసరికి ఆయన మొదట తికమకపడ్డాడు, తరవాత నవ్వేసి పీట వేయించాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలే మాటలు. తప్పిపోయిన పశువులను ఎక్కడ కడతారు, బడి పంతులు రాని రోజున పిల్లలనెవరు చూస్తారు, చావుపుట్టుకలు ఎవరు రాస్తారు. ఆ రాసే పని కోత్వార్‌ది. కోత్వార్ అంటే ఊరి కాపలాదారు, డప్పు కొట్టి చాటింపు వేసేదీ ఆయనే. ఒక్క చెయ్యి ఒకే పుస్తకంలో చావులూ పుట్టుకలూ రాస్తుందని తెలిసి నేను ఆయన చేతివైపు భయంగా చూసేదాన్ని. తాతయ్య మాత్రం ఈ ఊసుల్లో పడి పదేళ్లు చిన్నవారైపోయారు. మా ఇంట్లో ఉన్నప్పుడు వంగినట్టుండే నడుము అక్కడ నిటారుగా ఉండేది.

అంతలో ఆ ఊరికి ఒక చేతిపంపు మంజూరైంది. ఒక్కటే. ఊరు చూస్తే వాగుకు రెండు పక్కల ఉంది. ఇవతల నలభై ఇళ్లు, అవతల పన్నెండు. అవతలివాళ్ల బావి ఆ ఏడు వానలకు కుంగిపోవడంతో, బండిదారిన చుట్టు తిరిగి రావడం దూరమై, వాళ్లు వాగులో దిగి ఇవతలి బావికి వచ్చి నీళ్లు మోసుకుపోతున్నారు. ఇవతలివాళ్లకేమో ఒకే బావి చుట్టూ తోపులాట. పంపు మా వైపంటే మా వైపని పట్టుబట్టారు. ఊళ్లో ఉన్నవాళ్లందరూ ఏదో ఒక ఒడ్డువాళ్లే కాబట్టి, ఏ ఒడ్డూ కాని మనిషి కావాలని సర్పంచ్ తాతయ్యను అడిగాడు. తీర్పు చెప్పను, విని నాకు తోచింది చెబుతాను, అన్నారు తాతయ్య. ఆ రోజు ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఆయన ఏదో పాత పాట కూనిరాగం తీశారు. ఆయన పాడగా నేను వినడం అదే మొదలు.

ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలో అందరూ కూర్చున్నారు. ఒకరి తరవాత ఒకరు మాట్లాడారు. నేను తాతయ్య పక్కన కూర్చుని, అన్నీ ఆయన చెవిలో వేస్తూ వచ్చాను. మొదట్లో గొప్పగా ఉంది. పెద్ద పెద్ద మీసాలవాళ్లు నా కోసం ఆగి ఆగి మాట్లాడుతున్నారు. పొద్దు వాలే వేళకు నాలుక ఎండిపోయింది. బడి ముందు ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతూ, రావే అని కళ్లతోనే పిలుస్తున్నారు.

అందరికన్నా చివర అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. అప్పటికే జనం లేచి గుంపులుగా మాట్లాడుకుంటున్నారు. ఆవిడ బాధ ఊళ్లో అందరికీ పాతదే, అందుకే ఎవరూ చెవిపెట్టలేదు. ఆవిడ నేరుగా తాతయ్య ముందుకొచ్చి కింద కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ నెమ్మదిగా మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. కోడలి గురించి, వాగులో బంకమట్టి గురించి, పైన బండిదారి మీద ఉన్న రాతి కల్వర్టు గురించి. మధ్యలో ఒక మాట అన్నది. ఆ మాట నాకు ఛత్తీస్‌గఢీలో అర్థమైంది కానీ, తెలుగులో ఏమంటారో తెలియలేదు. మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ అనని మాట అది. సిగ్గు కూడా వేసింది. అక్కడ తప్పిపోయాక మిగతావి ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. బయట పిల్లలు నవ్వుతున్నారు.

ఆవిడ ఆగాక తాతయ్య నావైపు తిరిగారు. వాళ్లకీ నీళ్లు కావాలంటోంది తాతయ్యా, అన్నాను.

"అంతసేపు సెప్పింది, అంతేనా?"

"అంతే," అన్నాను.

తాతయ్య ఒక్క క్షణం నన్ను చూశారు. తరవాత తల పంకించి, ఎక్కువ ఇళ్లున్నవైపు పెట్టడమే న్యాయంగా తోస్తోందని చెప్పించారు. సర్పంచ్‌కు పెద్ద బరువు దిగినట్టయింది. వెంటనే తన వైపు బావికి కాస్త ఎడంగా సున్నంతో గుర్తు వేయించి, కోత్వార్ చేత చాటింపు వేయించాడు. ముసలమ్మ లేచి వెళుతూ నా తలమీద చెయ్యి వేసింది.

"బనే కహే, నోనీ," అంది. బాగా చెప్పావు తల్లీ, అని.

తాను చెప్పినదంతా నేను చెప్పాననే అనుకుంది ఆవిడ. అంతా విన్నాక కూడా ఈ పెద్దాయన ఇలాగే అన్నాడంటే సరే, ఇక చేసేదేముందనుకుని ఉంటుంది. నేను ఆడుకోవడానికి వెళ్లలేదు.

మేం ఇంటికి వచ్చేశాం. సాయంత్రం అమ్మ వంటింట్లో ఉంది, నాన్న ఇంకా షిఫ్టు నుంచి రాలేదు. తాతయ్య వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను వెళ్లి ఆయన మోకాలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఇంకా చెప్పింది తాతయ్యా, అన్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీలో కొంచెం జరిగి నాకు చోటిచ్చారు.

"ఏటన్నాదో మెల్లగా సెప్పు. నాకేటీ తొందర లేదు," అన్నారు.

చెప్పాను. ఆవిడ కోడలు నిండుగా ఉన్న కడవతో వాగు దాటుతూ మట్టిలో జారి పడిందట. ఆ తరవాతి మాటకు మళ్లీ ఆగిపోయాను. ఆయన ఎదురుచూశారు. చివరికి, "కడుపులో ఉన్న పాప జారిపోయిందట తాతయ్యా," అన్నాను. అలా అంటారో లేదో తెలియక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిగతాది కూడా చెప్పాను. పంపు మా గుమ్మం ముందు పెట్టమని ఆ ముసలమ్మ అడగలేదు. కల్వర్టు దగ్గర పెట్టండి, మీకూ నడకే, మాకూ నడకే, వాగులో మాత్రం ఎవరూ దిగక్కర్లేదు, అంది.

తాతయ్య నా మొహం తన కండువాతో తుడిచి, రేపు బడి మానేద్దువుగాని అన్నారు.

మర్నాడు పొద్దున సర్పంచ్ వాకిట్లో పది మంది పోగయ్యారు. తాతయ్య ముసలమ్మను కూడా పిలిపించారు. ఆవిడ ఖాళీ కడవతో వచ్చి ఒక పక్కగా నిలబడింది. సర్పంచ్ కూర్చోమన్నా తాతయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"తప్పు నాది. ఈ యమ్మ అంతసేపు మాటాడితే నాకు రెండు ముక్కలొచ్చాయి. మిగతాది ఏటయిందని నానడగాల. అడగలేదు. ఆ రెండు ముక్కలే నాకు తేలిగ్గా ఉన్నాయి గనక అడగలేదు."

అది నేను వాళ్ల మాటలో చెప్పాలి. "గలతీ మోర్ ఆయ్," అని మొదలుపెట్టాను. తప్పు నాది. ఆ మాట నా నోట్లోంచి నా గొంతుతో వచ్చింది. తాతయ్య మాట చెబుతున్నానో, నా మాటే చెబుతున్నానో అక్కడెవరికీ తెలిసి ఉండదు. ముసలమ్మకు తెలిసింది. ఆవిడ కళ్లు తాతయ్య మీది నుంచి నా మీదికి వచ్చి, అక్కడే ఆగిపోయాయి. ఆ కళ్లలో కోపం లేదు. నాకు మాత్రం భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆగకుండా ఆవిడ అన్నవన్నీ, ఈసారి ఒక్కటీ వదలకుండా, అందరి ముందూ చెప్పాను.

సర్పంచ్ తల దించుకుని విన్నాడు కానీ ఒప్పుకోలేదు. సున్నం గుర్తు పడింది, చాటింపు అయింది, ఒక రోజు తిరక్కుండా మాట మారిస్తే ఊరు నవ్వుతుంది, అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. తాతయ్య వాదించలేదు. ముసలమ్మ చేతిలో ఉన్న కడవ అడిగి తీసుకుని, బావి దగ్గరికి వెళ్లి నీళ్లు తోడి నింపి, భుజానికెత్తుకుని వాగువైపు నడిచారు. ఆయనకు అప్పటికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. వచ్చిన పెద్దమనిషి చేత కడవ మోయించడం ఏ ఊరికీ మర్యాద కాదు. సర్పంచ్ పరుగెత్తుకెళ్లి, ఆ కడవ లాక్కుని తన భుజాన పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక ఇక వెనక్కి ఎలా తిరుగుతాడు? వాగులో దిగాడు.

మేమంతా ఒడ్డున నిలబడి చూశాం. నడి వాగులో ఆయన కాలు జారింది. ఒక మోకాలు మట్టిలో దిగబడింది, సగం నీళ్లు ఒలికిపోయాయి. ఎవరూ నవ్వలేదు. లేచి, అవతలి ఒడ్డెక్కి, ముసలమ్మ గుడిసె వాకిట్లో కడవ దించాడు. లోపల ఒక మంచం మీద గోడవైపు తిరిగి ఒక అమ్మాయి పడుకుని ఉందని తరవాత కోత్వార్ చెప్పాడు. సర్పంచ్ గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వాగులో దిగలేదు. చుట్టూ తిరిగి బండిదారిన వచ్చాడు. మధ్యలో కల్వర్టు మీద ఆగి, ఇటు కొంచెంసేపు, అటు కొంచెంసేపు చూశాడు. పంచె మోకాళ్ల దాకా ఎర్రమట్టి. ఎండ పడి పొద్దుటి పొగమంచు కరిగిపోతుండగా, ఆయన అలా గాలిలో నిలబడినట్టు కనిపించడం ఇప్పటికీ నా కళ్లముందుంది.

ఆ మధ్యాహ్నం కోత్వార్ డప్పు మళ్లీ మోగింది. నవ్వినవాళ్లు నవ్వారు. వారం తరవాత బోరు లారీ వచ్చి కల్వర్టు పక్కన తవ్వింది. ముందు బురద, తరవాత ఎర్రనీళ్లు, చాలాసేపటికి తేటనీళ్లు వచ్చాయి. సంక్రాంతి దాటాక ఒకరోజు మేము వెళ్లేసరికి పంపు దగ్గర ఒక సన్నటి అమ్మాయి, మొహం పాలిపోయి, తనంతట తానే నీళ్లు కొట్టుకుంటోంది. ఆవిడే ఆ కోడలని అక్కడి పిల్లలు అంటే తాతయ్యకు నేను చెప్పాను. ఆయన దారి నుంచి పక్కకు తప్పుకుని, ఆవిడ కడవతో వెళ్లేదాకా నిలబడ్డారు.

తాతయ్య నాలుగేళ్ల తరవాత మా క్వార్టరులోనే పోయారు. ఆ రోజు జరిగినదాని గురించి నాతో ఎన్నడూ మాటెత్తలేదు, నన్ను దెప్పలేదు. నా చేత మాటలు చేరవేయించడం మానలేదు కూడా. ఆ తరవాతే నన్ను ఎక్కువ నమ్మారని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. భిలాయిలోనే నెహ్రూ నగర్‌లో ఉంటున్నాను. ఎవరన్నా చాలాసేపు మాట్లాడిన దాన్ని ఇంకెవరన్నా రెండు ముక్కల్లో తేల్చేస్తే నాకు లోపల ఏదో గుచ్చుకుంటుంది. ఆ మిగిలిన మాటలెక్కడికి పోయాయని వెతుక్కోవడం తొమ్మిదేళ్లప్పుడు పడిన అలవాటు. దానివల్ల నాతో కూర్చున్నవాళ్లకు ఆలస్యమవుతుంది, విసుగూ వస్తుంది. మొన్న మా కాలనీ మీటింగులో కూడా అంతే అయింది. మా నాలుగిళ్లలో పనిచేసే దీదీ చెత్తబండి వేళల గురించి ఏదో చెప్పబోయింది. మా సెక్రటరీ గారు మంచివారే, సరే, బండి త్వరగా రావాలంటోంది, రాసుకున్నాం అని పుస్తకం మూసేశారు. అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. దీదీ కొంగు సర్దుకుని వెనక్కి జరిగింది.

ఆవిడ ఇంకా పూర్తి చెయ్యలేదండీ, అన్నాను.

ఒక్కొక్కరే మళ్లీ కూర్చున్నారు. దీదీ నావైపు చూసింది. నాకేమీ తొందర లేదన్నట్టు తలూపాను. ఆవిడ గొంతు సవరించుకుని, మొదటి నుంచీ మొదలుపెట్టింది.