సామ్యేల్ చూపించిన బోరింగు

సామ్యేల్ గోదావరిఖనిలో, బొగ్గుగనుల కంపెనీ డ్రిల్లింగ్ విభాగంలో పనిచేసేవాడు. బొగ్గు ఎంత లోతున ఉందో తెలుసుకోవడానికి నేలలోకి రంధ్రాలు వేసి, బయటికొచ్చిన రాతి ముక్కల్ని చెక్కపెట్టెల్లో వరసగా పేర్చడం ఆయన పని. చదివింది ఐదో తరగతే. కానీ ఇరవై ఏళ్లుగా రాళ్లతోనే బతుకుతున్నవాడు కదా, ఏ ముక్క ఎంత లోతుదో చేత్తో పట్టుకునే చెప్పేవాడు.

ఆయన సొంతూరు గుట్టకిందిపల్లె. బొగ్గునేల అయిపోయి గట్టిరాతి గుట్టలు మొదలయ్యేచోట ఉంటుంది. అక్క ఎలిజబెత్ అక్కడే, చర్చి ఉన్న కింది వాడలో ఉండేది. ఊళ్లోని పాతబావి పై వీధివాళ్లది కావడంతో, ఆ వాడ ఆడవాళ్లు మైలు దూరం నడిచి, వాగు ఇసుకలో చెలిమె తోడి, ఊరే నీళ్ల కోసం బిందెలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. సామ్యేల్ రెండేళ్లు దరఖాస్తులు పట్టుకుని తిరిగాడు. 1985 ఎండాకాలంలో బోరుబండి వచ్చింది.

చర్చి పక్కన రాయి పగుళ్లిచ్చిన చోటు ఆయనే చూపించాడు. "గీడ ఎయ్యిండ్రి. పగుల్ల నీళ్లుంటయ్."

రెండువందల అడుగుల దగ్గర నీళ్లు పైకి చిమ్మాయి. అద్దంలాంటి నీళ్లు. లింగవ్వ అనే ముసలామె దోసిట పట్టి ఆయన నెత్తిన చల్లింది. "నీ కడుపు సల్లగుండ, బిడ్డా!" ఆ వారమంతా సామ్యేల్ డ్యూటీలో ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆ ఏడే ఎలిజబెత్‌కు, పిల్లలు పుట్టరనుకున్న వయసులో, శాంత పుట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత ఒక ఆదివారం సామ్యేల్ ఊరికి పోతే ఆ పిల్ల అరచేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏందే, నోరు మూసుకొని నవ్వుతున్నవ్?"

చెయ్యి తీసి చూశాడు. ముందరి పళ్లమీద తుప్పు రంగు చారలు.

"బొగ్గుపొడితోటి రోజు తోముతున్న మామా. పోతలేవు."

వాడలో మిగతా పిల్లల్నీ పిలిచి చూశాడు. అందరికీ అవే చారలు. పాతబావి నీళ్లు తాగే పై వీధి పిల్లల పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.  ఒక సీసాలో బోరు నీళ్లు నింపి తీసుకెళ్లి, తన విభాగంలో రాళ్ల సంగతి చదువుకున్న అలీముద్దీన్ సాబుకు ఇచ్చాడు.

పదిహేను రోజులకు సాబు పిలిచాడు. బల్లమీద ఊదారంగు రాయి ఒకటి పెట్టాడు. చిన్న చిన్న పాచికలు అతికించినట్టుంది. అంత అందమైన రాయి సామ్యేల్ పెట్టెల్లోకి ఎప్పుడూ రాలేదు.

"దీన్ని ఫ్లోరైట్ అంటరు. మనం తినే ఉప్పుకు సుట్టం. ఉప్పుల క్లోరిన్ ఉంటది, దీంట్ల ఫ్లోరిన్. ఇసొంటియన్ని హాలైడ్ ఖనిజాలు. మేకుతోటి గీస్తే గీత పడ్తది. కాల్చితే చీకట్ల మెరుస్తది. ఉక్కు కొలిమిల ఏస్తే చెత్తంత పల్సగ కరిగి పైకి తేల్తది. శాన పనికొచ్చే రాయి."

"మరి మా నీళ్లకేమైంది సాబ్?"

"ఎన్కట భూమి లోపలి వేడినీళ్లు రాతి పగుళ్లల్లకు ఎక్కి సల్లారినప్పుడు గిది గడ్డకట్టింది. ఉప్పు లెక్క జల్ది కరగదు. ఏండ్లకేండ్లు నిలువున్న నీళ్లల్ల రవ్వంత రవ్వంత కరుగుతది. మీ బోరుల లీటరుకు ఆరు మిల్లీగ్రాముల ఫ్లోరిన్ ఉన్నది. ఒకటిన్నర దాటొద్దు. పండ్ల తర్వాత కీళ్లను, బొక్కలను పట్టుకుంటది."

"కాగబెడ్తే పోదా?"

"పోదు. ఇంకా చిక్కగైతది."

సామ్యేల్ ఆ రాయిని సాబు వైపు జరిపాడు. "పగుల్ల ఎయ్యమన్నది నేనే సాబ్."

సాబు, నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి కాగితంమీద రాసిచ్చాడు. సామ్యేల్ ఇల్లిల్లూ తిరిగి నేర్పాడు. నెలరోజులు చేశారు. నాట్లు పడ్డాక పొద్దున్నే కూలికి పోయేవాళ్లకు నీళ్లు కలిపి, తేరేదాకా కాచుకునే తీరిక ఎక్కడిది? మళ్లీ దరఖాస్తులు పెట్టాడు. పైపులైను వస్తుందన్నారు. రాలేదు.

1998 వచ్చేసరికి ఎలిజబెత్ మోకాళ్లు బిగుసుకుపోయాయి. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆ మే నెలలో సామ్యేల్ పానా పట్టుకుని వచ్చి, బోరింగు చేతిపంపు పిడి ఊడదీశాడు.

ఎవరూ కొట్లాడలేదు. ఆడవాళ్లు బిందెలతో వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాగు ఎండింది. పాతబావి అడుగంటి, పై వీధికే చాలడం లేదు. పొద్దెక్కుతున్నకొద్దీ చంకల్లో పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

లింగవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏం తాగుమంటవ్, బిడ్డా?"

తిట్టినా బాగుండేదనుకున్నాడు సామ్యేల్. ఆమె నిజంగానే అడుగుతోంది.  మధ్యాహ్నానికి తనే కూర్చుని పిడి బిగించాడు. నట్టు రెండుసార్లు జారిపడింది. ఎలిజబెత్ కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చి, తమ్ముడి వీపుమీద చెయ్యి వేసింది.

"లే తమ్మీ. బస్సు పోతది. సెకండు షిఫ్టు కదా నీకు."

శాంతను చదువుకని గోదావరిఖనిలో తన క్వార్టరుకు తెచ్చుకున్నాడు. అక్కను రమ్మంటే, మొగణ్ణి విడిచి రానంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం రెండు డబ్బాల నిండా కాలనీ నల్లానీళ్లు పట్టుకుని బస్సెక్కేవాడు. వాడలో అరవై ఇళ్లు. ఆ నీళ్లు పసిపిల్లలున్న ఏ ఇంటికి ఇవ్వాలో తనకు తోచేది కాదు. డబ్బాలు దించి, అక్కనే అడిగేవాడు.