ఇరవై అయిదు వాట్ల హీటరు

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే, "చాలకపోతే?" వీధి చివరకు వెళ్లాలన్నా రెండు గొడుగులు పట్టుకెళతాడు. వృత్తికి దర్జీ. ఆయన కుట్టిన ప్యాంటు కింద మడతలో ఇంకో జానెడు గుడ్డ దాక్కుని ఉంటుంది.

"ఇంత మడత ఎందుకయ్యా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"రేపు మీరు పొడుగైతే?"

"నాకు అరవయ్యేళ్లు."

"అయినా, చాలకపోతే?" అన్నాడు బాబాయి, నిజంగానే దిగులుపడుతూ.

ఆ చలికాలం మా అందరికీ అసలు దిగులే పట్టుకుంది. నానమ్మకు రెండు నెలలుగా దగ్గు. గది వెచ్చగా ఉంచకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. నానమ్మేమో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మేం కొనుక్కొచ్చిన గది హీటరును అదే రోజు అటకెక్కించేసింది. "నా ఒక్క ప్రాణానికి ఇంత కరెంటు తగలేస్తారా? దుప్పటి లేదా?" అంది, దగ్గుతూనే.

సరిగ్గా అప్పుడే బాబాయికి చేపను పెంచాలని బుద్ధి పుట్టింది. అదీ నానమ్మ గదిలో. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుందని నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం చెంబుతో కొలిచి కొలిచి గాజుతొట్టిలో నలభై లీటర్లు పోశాడు. గోడకు థర్మామీటరు తగిలించి గంటకోసారి వెళ్లి చూసొచ్చాడు. చూసొచ్చిన ప్రతిసారీ ముఖం ఇంకాస్త వాడిపోయేది.

చేపల షాపుకి నన్నూ లాక్కెళ్లాడు.

"నలభై లీటర్ల తొట్టి. గదిలో పద్నాలుగు డిగ్రీలు. చేపకు ఇరవయ్యారు కావాలటగా, ఏ హీటరు పెట్టాలి?"

"మామూలు గదైతే లీటరుకు ఒక వాట్ లెక్క సార్. అంత చలి గదికి యాభై కూడా ఆనదు. డెబ్బయి అయిదుది తీసుకోండి," అన్నాడు షాపతను.

ఇక బాబాయి వందదే అడుగుతాడనుకున్నాను.

"ఇరవై అయిదుది ఇవ్వండి."

"చాలదండీ. గది ఇరవై రెండు డిగ్రీలుంటే తప్ప అది పనికిరాదు."

"ఆ ముక్క కాగితం మీద రాసిస్తారా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట నేనే అన్నాను. "బాబాయ్, చాలకపోతే?"

"చాలదురా," అన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున తొట్టిలో పద్దెనిమిదే. ఎర్రటి ఫైటర్ చేప అడుగున నక్కి కూర్చుంది. నానమ్మ మంచం మీంచి తొట్టి వైపే చూస్తోంది.

"ఒరేయ్, ఇది కదలడం లేదురా. పెద్ద హీటరు తేలేకపోయావా?"

"పెద్దది ఎప్పుడైనా ఆగకుండా కాగిందంటే చేప ఉడికిపోతుందమ్మా. గది వెచ్చగా ఉంటే ఇదే సరిపోతుందట. ఇదిగో, షాపతనే రాసిచ్చాడు."

నానమ్మ కాగితం రెండుసార్లు చదివింది. "నోరులేని ప్రాణి. అటక మీద ఆ దిక్కుమాలిన హీటరుందిగా, దించు."

నిచ్చెన అప్పటికే గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. ఒకటి కాదు, రెండు.

వారం తిరిగేసరికి చేప తొట్టంతా తిరుగుతోంది. నానమ్మ దగ్గు సగానికి సగం తగ్గింది. నేను కత్తెర కోసం బాబాయి కుట్టుమిషను సొరుగు లాగితే, సీలు విప్పని డెబ్బయి అయిదు వాట్ల హీటరు కనబడింది.

"ఇదెప్పుడు కొన్నావు?"

"ఆ రోజే, నువ్వు స్కూటరు తీస్తుంటే." బాబాయి సిగ్గుపడ్డాడు. "అమ్మ ఒప్పుకోకపోతే, మధ్యలో చేప ఏం పాపం చేసింది?"

ఇంతలో లోపలి నుంచి నానమ్మ కేక వేసింది.

"ఒరేయ్, గది ఇరవై రెండే చూపిస్తోంది. చాలకపోతే? ఇంకాస్త పెంచు."