పొద్దుటి ముడి

భూలక్ష్మి తన మొగుడి చేతికి రోజూ పొద్దున మంత్రించిన దారం ఇస్తోందట, అందుకే అతని కడుపు అలా ఉబ్బిందట! ఎదురింటి అండాలమ్మ నోట పుట్టిన ఈ మాట మూడు రోజుల్లో సందంతా తిరిగి ఎల్బీనగర్ మెట్రో మెట్ల దాకా పాకింది. దారం ఇచ్చేది నిజమే. మంత్రం మాత్రం శుద్ధ అబద్ధం.

భూలక్ష్మి, రామస్వామి పోచంపల్లి నుంచి వచ్చినవాళ్లు. ఆయన ఇరవై ఏళ్లు మగ్గం నేశాడు. మగ్గం వదిలి నగరానికి వచ్చాక తాగుడు ఆయన్ను పట్టుకుంది, ఆ తాగుడు లివర్‌ను పట్టుకుంది. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున్నే ఉప్పు లేని కూర వండి, మందులు మింగించి, ఆయన కాళ్లకు నీరు పట్టిందేమోనని వేలితో నొక్కి చూసిగానీ మెట్రో ఎక్కదు. ఆమె అటు వెళ్లగానే ఆయన ఇటు వైన్ షాపు దారి పడతాడు. సీసాలు పారబోసింది. బిడ్డ రమ్య మీద ఒట్టు వేయించుకుంది. పుట్టింటికి పోయి పదిరోజులు కూర్చుంది. అయినా మానలేదు.

"ఇట్లనే తాగితే ఆర్నెల్లు కష్టమమ్మా" అని దవాఖానలో డాక్టరు చెప్పి రెండేళ్లు దాటింది. జబ్బు మెదడుకెక్కితే మనిషి మత్తులోకి జారతాడనీ, చేతులు పట్టు తప్పితే ఒక్క గంట కూడా ఆగొద్దనీ ఆయనే హెచ్చరించాడు. చేతుల సంగతి నేతింటి ఆడదానికి ఒకరు నేర్పాలా? మర్నాడే రెండు పట్టు పోగులు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"అతుకు."

"నేనేమన్న బడి పిలగాన్నానే?"

"అతికినంకనే చాయ్."

తెగిన పోగును నేతగాడు అతికితే ముడి కంటికి ఆనదు. అప్పటి నుంచి రోజూ పొద్దున, తాగి తూలుతున్నా సరే, రామస్వామి వేళ్లు వాటంతట అవే ఆ ముడి వేసేవి.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం ఆయన పోగులు పట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాడు. చేతులు మణికట్టు దగ్గర టపటపా కొట్టుకుంటున్నాయి. పోగులు జారి ఒళ్లో పడ్డాయి.

అండాలమ్మ తొంగిచూసి, "ఎక్కువ తాగిండు బిడ్డా. పండుకుంటే దిగుతది. నువ్వు డ్యూటీకి పో" అంది. పెళ్లిళ్ల గిరాకీ రోజు కదా, సేటు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

"తాగినా ముడేస్తడు పెద్దమ్మా. గిది తాగుడు కాదు" అని భూలక్ష్మి ఆటో పిలిచింది.

దవాఖానలో డాక్టరమ్మ కూడా మొదట తాగిన మైకమే అనుకుంది. భూలక్ష్మి జంకలేదు. "నిన్న ఏసిండు మేడమ్, ఇయ్యాల ఎయ్యలేకపోతుండు" అంటూ అక్కడే మొగుడి చేతికి పోగులు ఇచ్చి చూపించింది. పరీక్షలు చేశాక డాక్టరమ్మ ముఖం మారింది. సాయంత్రం దాకా ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదంది. మర్నాడు వెంట వచ్చిన చదువుకునే డాక్టర్లతో, "ఈమెను అడిగి తెలుసుకోండి" అంది కూడా. భూలక్ష్మి కొంగు సర్దుకుని, ముడి ఎలా వేయాలో, ఎలా తప్పుతుందో, పంతులమ్మలా నిలబడి మరీ చెప్పింది.

తొమ్మిది రోజులకు రామస్వామి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. పదకొండో రోజున మళ్లీ వైన్ షాపు ముందు కనిపించాడు.

ఆ సాయంత్రం అండాలమ్మ ఇక ఆగలేక వచ్చి గడప మీద కూర్చుంది. "దారం సంగతి తప్పు చెప్పిన, ఒప్పుకుంట. గని ఒక్కటి చెప్పవే. వాడు మానడు. నువ్వు గింత కొట్లాడి ఏం సాధించినవ్?"

చిక్కుడుకాయలు ఒలుస్తున్న భూలక్ష్మి తలెత్తింది.

"మాన్పిచ్చుడు నాతోని కాలే పెద్దమ్మా. ఇడిసిపెడదామని మస్తుసార్లు అనుకున్న, అబద్ధమెందుకు. రేపు మల్ల అనుకుంటనేమో. గని పోయిన నెల రమ్య డిగ్రీ పట్టా తీసుకున్ననాడు ఆర్నెల్లే అన్న మా ఆయన, ముందు వరసల కూసోని సప్పట్లు కొట్టిండు. కూసోబెట్టింది నేనే."