నాలుగో గిన్నె

ఏడేళ్లుగా ఒక విషయాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమె పోయి రెండేళ్లయింది, ఇక మనసు విప్పి చెప్పుకోవడానికి మీరే మిగిలారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే నోరు పెగులుతోందేమో. నా పేరు రాయను, ఆ స్టేషన్ పేరూ రాయను. మిగతాదంతా రాస్తాను. దాచుకుని నేను బావుకున్నది ఏమీ లేదు.

ఏలూరులో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత నన్నొక కమిటీలో వేశారు. పోలీసుల మీద జనం ఇచ్చే ఫిర్యాదులు వినడం, చెప్పాపెట్టకుండా స్టేషన్లకు వెళ్లి లాకప్పు చూడడం, చూసింది రాసి సంతకం పెట్టడం మా పని. ఒక లాయరుగారు, ఒక డాక్టరమ్మ, నేను. లాఠీ ఉన్నవాళ్ల పనిని లాఠీ లేనివాళ్లు కనిపెట్టి ఉండాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

కానీ చెప్పాపెట్టకుండా వెళ్లడం నాకు చేతకాదు. తాడేపల్లిగూడెంలో సొంత చెల్లెలింటికి వెళ్లాలన్నా రెండుసార్లు ఫోన్ చేసి బయల్దేరే రకం. “యముడొచ్చినా, ముందు ఫోన్ చేసి రావలసిందండీ అంటారు మీరు” అని మా ఆవిడ ఆటపట్టించేది. మా వైపు అది మర్యాద. ఆ స్టేషన్లో రికార్డులు రాసే కానిస్టేబులు నా పాత శిష్యుడు. మొదటిసారి తనిఖీకి వెళ్లే ముందు అతనికి ఫోన్ చేసి, ఓ గంటలో వస్తున్నాం బాబూ అన్నాను. మేం వెళ్లేసరికి కుర్చీలు తుడిచి ఉన్నాయి. టీ వచ్చింది, జీడిపప్పు బిస్కెట్లు వచ్చాయి. ఎస్సైగారు లేచి నిలబడి “రండి మాస్టారూ” అన్నారు. మిగతా ఇద్దరికీ నా ఫోన్ సంగతి తెలియదు. ఆ స్టేషన్ ఎప్పుడూ అంత శుభ్రంగా ఉంటుందనుకున్నారు పాపం. ఆ తర్వాత ప్రతిసారీ ఫోన్ చేశాను.

మర్యాద కోసమే చేశానా? లేక ఆ “రండి మాస్టారూ” కోసమా? రిటైరయ్యాక నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఒక రోజు ఒకామె మా కమిటీకి ఫిర్యాదు తెచ్చింది. మంగ అనుకోండి. అసలు పేరు కాదు. కొల్లేటి లంక ఊరు వాళ్లది. ఆమె భర్త ఒక చేపల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు. చెరువు మీద మోటార్లు పోయాయని అతన్ని ఆ స్టేషన్‌కే పట్టుకెళ్లారు. మూడు రోజులైనా కోర్టుకు పంపలేదు, రికార్డులో పేరు ఎక్కించలేదు. అడిగితే ఇక్కడ అలాంటి మనిషే లేడన్నారట. ఆమె తెచ్చిన అన్నం క్యారియరు మాత్రం గేటు దగ్గర తీసుకుంటున్నారట. డాక్టరమ్మ ఆ మాట వినగానే ఇప్పుడే వెళదాం పదండి అన్నారు. నేను చొక్కా మార్చుకొస్తానని ఇంటికి వెళ్లి, అలవాటు చొప్పున, ఫోన్ చేశాను. ఎవరి కోసం వెళుతున్నామో తెలిసి కూడా చేశాను.

మేం వెళ్లేసరికి లాకప్పు నేల ఇంకా తడిగా ఉంది. ఫినాయిలు వాసన. లోపల ఎవరూ లేరు. లాయరుగారు, డాక్టరమ్మ రికార్డులు చూస్తూ కూర్చున్నారు. నేను బిస్కెట్లు తిన్న చెయ్యి కడుక్కుందామని వెనక కుళాయి దగ్గరకు వెళ్లాను.

కుళాయి కింద ఒక స్టీలు క్యారియరు గిన్నె ఉంది. అడుగున నాలుగు మెతుకులు, పులుసు మరక. పెళ్లి సామాను మీద పేర్లు కొట్టిస్తాం కదా, అలా అంచు కింద చుక్కల అక్షరాలతో రెండు పేర్లున్నాయి. మంగది, ఆమె భర్తది.

తల తిప్పితే నా శిష్యుడు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను గిన్నె చూడడం అతను చూశాడు. తువ్వాలు అందించాడు. తీసుకుని చేతులు తుడుచుకున్నాను. లోపలికి వచ్చి, లాకప్పు ఖాళీగా ఉంది, ఫిర్యాదులో నిజం కనిపించలేదు అని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ఫోన్ చెయ్యడం బుద్ధితక్కువ అనుకుందాం. మరి సంతకం? అరనిమిషంలో ఎందుకు అంత పిరికివాణ్నయ్యాను? గిన్నె సంగతి చెబితే ఫోన్ సంగతీ బయటపడుతుంది. అంతే. నా పరువు కోసం ఒక మనిషిని వదిలేశాను.

గేటు బయట మంగ నిలబడి ఉంది.

“ఉన్నాడాండీ?”

“ఎవరూ లేరమ్మా. మేం అంతా చూశాం.”

“పొద్దున్న నాలుగు గిన్నెలిచ్చానండీ. మూడే తిరిగొచ్చాయండీ. లోపల మనిషే లేకపోతే నా గిన్నె ఏదండీ?”

నేను ఆటో ఎక్కాను.

రెండు రోజుల తర్వాత అతన్ని కొల్లేటి గట్టు మీద దింపేసి పోయారు. కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ వంగవు. వల అల్లలేడు. మంగది అబద్ధపు ఫిర్యాదని ఊళ్లన్నీ చెప్పుకున్నాయి, దానికి ఆధారం నా సంతకం. మళ్లీ ఏ చెరువు మీదా అతన్ని కాపలా పెట్టుకోలేదు. ఆకివీడులో చేపల లారీల దగ్గర ఏ పని దొరికితే అది చేస్తున్నాడు. నేను షుగరు వంకతో కమిటీ మానేశాను.

ఈ మధ్య కమిటీని కొత్తగా వేశారు. ఉంగుటూరు నుంచి వచ్చే ఒక లెక్చరరమ్మ దానికి పెద్ద. పాతవాళ్లమని మమ్మల్ని పిలిచి మాట్లాడమన్నారు. వాళ్ల పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. జీపు ఎక్కాకే ఏ స్టేషన్‌కో చెబుతారు. అంతకు ముందే అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసేస్తారు. కొత్త సాక్ష్యం ఉంటే మూసేసిన ఫిర్యాదులు కూడా తెరుస్తామన్నారావిడ. ఆ సంచి వంకే చూస్తూ కూర్చున్నాను. ఇంత చిన్న పనితో అదంతా ఆగిపోయేదా అనిపించింది. అయినా చాలా ఏళ్ల తర్వాత కాస్త సంతోషం కూడా కలిగింది.

మర్నాడు బస్సెక్కి లంకకు వెళ్లాను. జీవితంలో ఎవరింటికైనా చెప్పకుండా వెళ్లడం అదే మొదలు. భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. నిలబడే మొత్తం చెప్పాను. ఫోను, తడి నేల, గిన్నె, తువ్వాలు. అతను తల ఎత్తలేదు. మంగ కూర్చోమనలేదు. లోపలికి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. వచ్చింది, చేతిలో మూడు గిన్నెల క్యారియరుతో.

“కమిటీ ముందు ఇదే మాట చెప్తారాండీ?”

“చెప్తానమ్మా.”

“అయితే గిన్నె మీద ఏం రాసుందో అది కూడా రాయండి.”

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. అడిగే ముఖం ఏది?

రాసిచ్చాను. గిన్నె మీది రెండు పేర్లూ రాశాను. ఫిర్యాదు మళ్లీ తెరిచారు. వచ్చే సోమవారం విచారణ. మంగ ఆ క్యారియరు పట్టుకుని వస్తుంది. నా శిష్యుణ్నీ పిలిచారు. అతనికీ ఆ గిన్నె గుర్తుండే ఉంటుంది, నిజం చెబుతాడనే నా ఆశ. చెప్పకపోయినా నేను చెబుతాను.

ఇవాళ పొద్దున్న ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. సోమవారం అంతా చెప్పేస్తున్నాను బాబూ అని ముందుగా అతని చెవిన వేద్దామని. ఎంతైనా శిష్యుడు. పేరు కూడా వెతికాను. ఆపేశాను. ఫోన్ బల్ల మీద పెట్టేసి, చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాను.