నీళ్ళను కడిగిన మా బావ

మా బావ పకీరిసామి మలేషియాలో, సెలంగోర్ రాష్ట్రంలోని ఒక పామాయిల్ మిల్లులో ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేశాడు. ఏం పని అని ఎవరైనా అడిగితే "వాటర్ ట్రీట్‌మెంట్" అనేవాడు. రెండో ప్రశ్నకు తావివ్వకుండా పక్కవాళ్ళ పిల్లల చదువు గురించి అడిగేసేవాడు. అది అబద్ధమేమీ కాదు. గెలలు ఉడికించి నూనె పిండేశాక మిగిలే మురుగు, చిక్కగా, వేడిగా, ఊరంతా కంపు కొట్టేట్టు వచ్చి పడే చెరువులు మిల్లు వెనక ఆరున్నాయి. ఆ మురుగు ఒక చెరువులోంచి మరో చెరువులోకి నెలల తరబడి మారుతూ, చివరికి ఏట్లో వదలదగ్గ నీళ్ళవుతుంది. ఆ చెరువుల మంచీచెడూ చూసేవాడు మా బావ. పెళ్ళిళ్ళలో తెల్లచొక్కా వేసుకుని నిలబడితే మాత్రం సగం సెలంగోర్‌కు మంచినీళ్ళు ఈయనే పంపిస్తున్నాడని అనిపించేది.

మా అక్క శాంతాదేవి ముక్కు మహా చురుకు. కాపురానికి వచ్చిన వారానికే ఇంటి వెనక కొళాయి దగ్గర సబ్బూ తువ్వాలూ పెట్టేసింది. అక్కడ స్నానం చేస్తేనే బావకు గుమ్మంలోకి ప్రవేశం. వాళ్ళ పిల్లలు బడిలో మా నాన్నది ఆఫీసు పని అని చెప్పుకున్నారు. నేనూ తక్కువ తినలేదు. బావ ఎదురైతే జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాణ్ణి. బావమరిదికి ఆ మాత్రం హక్కు ఉంటుందనుకున్నాను. ఆయన నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని నేను ఇంకా రెచ్చిపోయేవాణ్ణి.

పోయినేడు రిటైరయ్యాడు. మిల్లు క్వార్టర్స్ ఖాళీ చేసి కువాలా సెలంగోర్‌లో కొనుక్కున్న చిన్న ఇంట్లోకి వచ్చారు. వచ్చిన నెలకే బావ హాల్లో ఒక మూల చూపించి అక్వేరియం పెడతానన్నాడు.

"ఏటయ్యా, ఉన్న పనులు సాలకనా?" అంది అక్క.

"నా సేత్తో పెట్టిన నీళ్ళు ఈ ఇంట్లో అద్దంనాగ మెరవాల. వచ్చినోళ్ళు సూడాల" అన్నాడు బావ.

నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను. ఆయనకు చేపలమీద ప్రేమేమీ లేదు. ఆ ఇంట్లో తన పేరు మీద ఒక్క శుభ్రమైన వస్తువు కావాలి, అంతే. అక్క వంద రింగిట్‌ల నోటొకటి చేతిలో పెట్టి, దానికి ఒక షరతు కూడా పెట్టింది. "ఇదే ఇచ్చేది. హాల్లో సచ్చిన సేప కంపొచ్చిందా, ఆ తొట్టెలో కరేపాకు మొక్క పెట్టేస్తాను."

వంద రింగిట్‌లతో మా బావ చేసిన సంసారం చూడాలి. మూతపడ్డ క్షవరశాల నుంచి రెండడుగుల గాజుతొట్టె ఉచితంగా వచ్చింది. కారుతున్న మూలకు జిగురు పూశాడు. రోడ్డు పనివాళ్ళు వదిలేసిన గులకరాళ్ళు బకెట్‌తో తెచ్చి, బియ్యం కడిగినట్టు పదిసార్లు కడిగాడు. వెనక అంటించడానికి సముద్రం బొమ్మ కొనాలంటే డబ్బు దండగని, ఇనపసామాన్ల కొట్టువాళ్ళిచ్చిన పాత క్యాలెండర్ చించి అతికించాడు. అందులో మంచుకొండలున్నాయి. కువాలా సెలంగోర్ ఎండలో చేపలకు స్విట్జర్లాండ్ యోగం పట్టింది. గాలి పంపూ, దానికి తగిలించే స్పాంజి ఫిల్టరూ మాత్రం కొనక తప్పలేదు.

చేపల కొట్టుకు నా కారులోనే వెళ్ళాం. కొట్టు యజమాని చైనా ముసలాయన, అందరూ తౌకే అంటారు. బావ ఆరు గప్పీ చేపలు కావాలన్నాడు. తొట్టె పెట్టి ఎన్నాళ్ళయిందని అడిగాడు తౌకే. నిన్ననే అని బావ గర్వంగా చెప్పాడు.

"అయ్యో అంకల్, ఇంకా పచ్చి నీళ్ళు. చేపలు వద్దు, నెలరోజులు ఆగండి" అన్నాడు తౌకే. బావ మొహం ముడుచుకోవడం చూసి, తన తొట్టెలోంచి మట్టిరంగు పాకుడు పట్టిన పాత స్పాంజి ఒకటి తీసి సంచిలో వేశాడు. "ఇది ఊరికే ఇస్తాను. మీ తొట్టెలో పిండండి. అప్పుడు రెండే రెండు చేపలు తీసుకోండి."

బావ ఆ సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆరు చేపలూ కొనుక్కుని బయటికి వచ్చాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర కారాపమని ఆ స్పాంజిని చెత్తబుట్టలో పడేశాడు.

"బురదతో జీవితమంతా ఏగినాను బామ్మర్దీ. హాల్లోకి కూడా బురదేనా?" అన్నాడు.

ఆ రోజు నుంచి కడుగుడు మొదలైంది. పొద్దున్నే చేపల్ని గిన్నెలోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు కడిగి, ఫిల్టర్ స్పాంజి కొళాయి కింద తెల్లబడేదాకా పిండి, ముందురోజు బకెట్లలో పట్టి ఉంచిన నీళ్ళు నింపేవాడు. తొట్టెలో నీళ్ళున్నాయో లేవో తెలియనంతగా మెరిసేది. చూడ్డానికొచ్చిన పొరుగింటి రాసమ్మ "అబ్బ, ఎంత శుభ్రమో" అంది. బావ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మూడోనాడు ఒక చేప చచ్చింది. ఎండదెబ్బ అన్నాడు. రెండోది చస్తే తౌకే మోసం చేశాడన్నాడు. మూడోది అక్క వేసిన సాంబ్రాణి పొగవల్ల చచ్చిందట. నాలుగోది నా దిష్టి. నా ఎదురుగానే తొట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. అయిదోది చచ్చేసరికి నింద మొయ్యడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఇక మిగిలింది పసుపుతోక ఆడ చేప ఒక్కటే. అదీ నీళ్ళపైకి వచ్చి నోరు తెరుస్తోంది. అక్క కరేపాకు మొక్క తెప్పించి వరండాలో పెట్టింది. ఆదివారం దాకా చూస్తానంది. బావ రోజుకు రెండుసార్లు కడగడం మొదలుపెట్టాడు.

ఆదివారం నేను భోజనానికి వెళ్ళాను. బావ తొట్టె ముందు నిలబడి ఉండగా ఫోను మోగింది. మిల్లులో ఇంకా పనిచేస్తున్న వేలాయుధం. బావకు చెవి కొంచెం మందం, అందుకని స్పీకర్ పెట్టాడు. "అన్నే, మూడో సెరువు పని సెయ్యట్లేదు. కొత్త మేనేజరు బురదంతా తోడించేసి శుబ్బరం సేయించినాడు. ఇప్పుడెంత మురుగొదిలినా అలాగే ఉండిపోతోంది, కంపు బరించలేకున్నాం" అన్నాడతను.

మా బావ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"ఎవుడు తోడమన్నాడ్రా? బురదంటే సెత్తనుకున్నారా? మురుగుని తినే పురుగులన్నీ అందులోనే కదరా ఉంటాయి! కంటికి కనపడవని వాటిని పారబోసేస్తే మీ మేనేజరొచ్చి తింటాడా ఆ మురుగు? నాలుగో సెరువు అడుగునుంచి పాత బురద తెచ్చి మూడోదాన్లో కలపండి. కొంచెం కొంచెం వదలండి. తొందరపడకండి. అంతేగానీ మళ్ళీ మళ్ళీ కడిగేసి..."

అక్కడ ఆగిపోయాడు. వేలాయుధం "అన్నే? అన్నే?" అంటున్నాడు. బావ కళ్ళు తొట్టెమీద ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను. ఊళ్ళో ఎవరికీ తెలియని విద్య ఆయనకు తెలుసు. మేమందరం కలిసి దాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా చేసిపెట్టాం. సొంత ఇంట్లోకి వచ్చేసరికి ఆయనే దాన్ని గుమ్మం బయట వదిలేశాడు.

అన్నం వదిలేసి తౌకే కొట్టుకు పోయాం. తౌకే ఏమీ అడక్కుండా ఇంకో పాకుడు స్పాంజి ఇచ్చాడు. తిరిగొచ్చాక బావ సంచి పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"కంపు కొడతాది" అన్నాడు అక్కతో.

"దాంతో బతుకుతాదా?"

"బతకొచ్చు."

"అయితే రా, ఇంకా నిలబడతావేటి" అంది అక్క, తలుపు పూర్తిగా తెరిచి.

బావ చొక్కా చేతులు మడిచి తొట్టెలో స్పాంజి పిండాడు. నీళ్ళు టీరంగులోకి మారాయి. మంచుకొండలు కనపడకుండా పోయాయి. సాయంత్రానికి నీళ్ళు కొంచెం తేరుకున్నాయి. వారమంతా తొట్టె కడగలేదు, చిటికెడు మేత మాత్రం వేశాడు. మూడోనాటికి పసుపుతోక పైకొచ్చి నోరు తెరవడం మానింది. మరుసటి ఆదివారానికి అడుగునుంచి పైదాకా తిరుగుతోంది. కరేపాకు మొక్క నాకిచ్చి పంపేస్తుందనుకున్నాను. అక్క మొక్క సంగతే ఎత్తలేదు. చీర మార్చుకుని వచ్చింది.

"తమ్ముడా, కారు తియ్యి. ఆ సెరువులు సూడాల" అంది.

మిల్లు క్వార్టర్స్‌లో అన్నేళ్ళున్నా ఆమె ఆ వైపు వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. వేలాయుధం గేటు తీయించాడు. మొదటి చెరువు గట్టుమీద జేబురుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టి, తియ్యకుండా వదిలేశాను. అక్క మొహం చిట్లించుకుంది కానీ ఆగలేదు. బావ వెనక ఆమె, ఆమె వెనక నేను. రెండోది దాటాం. మూడోది ఇంకా తేరుకుంటోంది, అది దాటాక కంపు తగ్గుతూ వచ్చింది. ఆరో చెరువు దగ్గర నీళ్ళు ఆకుపచ్చగా, నిమ్మళంగా ఉన్నాయి. ఒడ్డున వేలెడేసి చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి.

"ఇయ్యెవురేసినారు?" అంది అక్క.

"ఎవురూ ఎయ్యలేదు. ఏటి కాలవలోంచి అయ్యే వచ్చినాయి. పదేళ్ళయింది."

అక్క నీళ్ళకేసి వంగింది. "పదేళ్ళా? ఇంట్లో ఒక్క ముక్క సెప్పలేదేటయ్యా?"

"అడిగితే సెప్పేవోణ్ణి" అన్నాడు బావ. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. అక్క కొంగు దోపుకుని గట్టుమీద చతికిలబడింది.

"ఇప్పుడడుగుతున్నాను" అంది. "మొదటి సెరువు కాడ్నించి సెప్పు."