రత్నక్క ఫోటోకు నల్ల మూలలు అలాగే ఉంటాయి

నిన్న పొద్దున పెట్రోల్ కొట్టించుకుని సత్యనారాయణపేటకు బండి తిప్పాను. ఆదివారం కదా. రత్నక్కను ఎక్కించుకుని కురుగోడు కొండకు పోవాలి.

ఆమె ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

బండి ఆపకముందే అర్థమైంది. అయినా ఆపి, స్టాండు వేసి, కాసేపు ఆ చెప్పులే చూస్తూ నిలబడ్డాను. ఆమె తమ్ముడు శీనన్న బయటికి వచ్చి, "నిద్దర్లోనే పోయిందప్పా" అన్నాడు.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. రత్నక్క మా పెద్దమ్మ కూతురు. బళ్ళారి బజారులో వాళ్ళ పప్పుల అంగడిలో ముప్పాతిక జీవితం కాటా ముందే కూర్చుంది. మిగతా పావు జీవితం కొండల మీద, ఒక పెద్ద చెక్క కెమెరా వెనకాల.

నిన్న ఆ ఇంట్లో వినపడిన మాట ఒకటే. "ఆ కొండలెక్కే పిచ్చి లేకుంటే ఇంకా పదేండ్లు బతికుండేది."

నిన్న నోరు మూసుకున్నాను. శవం దగ్గర తగువు ఎందుకని. ఈ రోజు మూసుకోను.

ఆమెది large format కెమెరా. ఫిల్ము అరచెయ్యంత ఉంటుంది, ఒక్కో ఫోటోకు ఒక్కో షీటు. వెనక అద్దంలో బొమ్మ తలకిందులుగా కనపడుతుంది. వెలుతురు పడకుండా తల మీద నల్లగుడ్డ కప్పుకుని చూడాలి. అక్క గుడ్డ వాడేది కాదు. కురుగోడు సంతలో కొన్న గొర్రెబొచ్చు కంబళి కప్పుకునేది, మన ఎండల్లో.

గుండెకు స్టెంట్ వేసినప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, బరువులు మోయొద్దు, కొండలెక్కొద్దు అని. బయటికి రాగానే అక్క నాతో అంది:

"రెండు మాటలూ ఒక్కసారే వినాలంటే యాడయితాదప్పా. ముందు బరువు సంగతి చూస్తాండా."

అప్పటిదాకా ఆమె లెన్సు ఇత్తడి చెంబంత ఉండేది. బరువు కూడా అంతే. చిన్న లెన్సు కోసం ఇంటర్నెట్ అంతా గాలించింది. అందరూ వద్దన్నారు. చిన్నదైతే అద్దంలో బొమ్మ మసకగా కనపడుతుంది, కెమెరా ముందు భాగాన్ని పైకి జరిపితే ఫోటో మూలలు నల్లబడతాయి, పెద్దదే ఉంచుకోండి మేడమ్ అన్నారు. చేత్తో పట్టుకుని చూద్దామంటే మా ఊళ్ళో ఏ షాపులోనూ అలాంటి లెన్సు లేదు.

అప్పుడు మా అక్క ఏం చేసిందో తెలుసా?

అంగడిలో కాటా ముందు కూర్చుని, పెద్ద లెన్సు ఎంత బరువో అంత కందిపప్పు ఒక పొట్లం కట్టింది. చిన్న లెన్సు బరువుకు ఇంకో పొట్లం. పెద్ద పొట్లం బ్యాగులో వేసుకుని నా బండెక్కింది.

"ఇదేందక్కా, కొండకు పప్పెందుకు?"

"లెన్సనుకోప్పా. కంప్యూటర్లో ఎంతసేపు చూసినా బరువు కనపడదు. మోస్తేనే తెలుస్తాది."

ఆ ఆదివారం సగం దారిలోనే కూలబడింది. ముఖం చూసి నాకు భయం వేసింది. తరువాతి ఆదివారం చిన్న పొట్లంతో వచ్చాం. ప్రతి బండ దగ్గరా కూర్చుంది, నీళ్ళు తాగింది, నన్ను తిట్టింది, పైదాకా ఎక్కింది. పైన ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కింద పారే కాలువ వైపు చూస్తూ, "ఇంతే సాకప్పా, ఈ బరువు చాలు" అంది.

సాయంత్రం ఆ పప్పుతోనే పప్పుచారు పెట్టింది. లెన్సును వండుకు తిన్నవాళ్ళం ప్రపంచంలో మేమిద్దరమే అయ్యుంటాం.

చిన్న లెన్సు వచ్చింది. కుంకుమ భరిణెంత. కెమెరా మడిచినా లోపలే ఉండిపోయేది. లెన్సు దగ్గర గ్రాములు లెక్కపెట్టిన మనిషి, ఆ కంబళి మాత్రం వదల్లేదు. అదెందుకని అడిగితే, "అది నువ్వు మోస్తావు కదా" అనేది.

అందరూ చెప్పినట్టే మూలలు నల్లబడ్డాయి. ఎత్తైన బండలు పడాలని ముందు భాగం పైకి జరిపిన ప్రతి ఫోటోలోనూ పై మూలలు రెండూ నలుపే.

బళ్ళారి కంటోన్మెంట్ లో ఒకసారి ఫోటోల ప్రదర్శన పెడితే, మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఒకాయన చూసి, "అయ్యో, మూలలు పోయినాయి మేడమ్" అన్నాడు. పెద్ద లెన్సు తీసుకుని ఉండాల్సింది అని కూడా అన్నాడు.

అక్క నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు.

"పెద్దదయితే మూలలు వచ్చేటివే సారూ. నేనే పైకి వచ్చేదాన్ని కాదు."

నిన్న సాయంత్రానికి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఆమె ముఖం పక్కన ఆమె తీసిన కురుగోడు కొండ. మూలలు కత్తిరించేశారు. శీనన్నను అడిగితే, "నలుపు అశుభమంటప్పా, డిజైన్ చేసే పిల్లోడే కట్ చేసినాడు" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. కానీ వినండి.

ఆ నలుపు తప్పు కాదు. ఆమె ఎంచుకున్నది. మూలలు వదులుకుని కొండ కొనుక్కుంది. ఇంట్లో మంచం పట్టుకుని ఉంటే పదేండ్లు బతికేదేమో, నాకు తెలీదు, మీకూ తెలీదు. స్టెంట్ తరువాత ఆమె కొండ మీద గడిపిన ప్రతి ఆదివారం నాకు తెలుసు. పక్కనే ఉన్నాను. ఆ మనిషిని కొండ తినలేదు.

కింద పెట్టిన ఫోటో మొత్తంగా ఉంది. షేర్ చేసేవాళ్ళు అలాగే చేయండి. ఒక్క మూల కత్తిరించినా ఫోన్ చేసి మరీ తిడతాను.

వచ్చే ఆదివారం కురుగోడు పోతున్నాను. రావాలనుకుంటే రండి. ఆమె కూర్చున్న బండలన్నీ చూపిస్తాను.

పోయిరా రత్నక్కా. ఇక చల్లగా, నెమ్మదిగా ఉండు. నువ్వు మోయాల్సిందేమీ లేదు.

కంబళి నా దగ్గరే ఉంది.