వియ్యపురాలు చదివిన నా మాట

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, బీదర్‌లో మా చిద్రి వాడ టీచరమ్మ పుణ్యాన. ఆ ఏడే మా పెద్దమ్మాయి పెళ్లయింది. చిట్గుప్పలో ఉండే వియ్యపురాలికి వినికిడి తక్కువ. పైగా పెళ్లి వీడియో వాళ్ల పాత టీవీలో ఆడలేదు. మా చిన్నమ్మాయి ఆ ఫైలును టీవీకి పనికొచ్చేలా మారుస్తూ, "అక్క వాళ్ల అత్తమ్మ చదువుకునేటట్టు మాటలు కింద వేద్దాం. నువ్వే రాయమ్మా," అంది.

ఎంత సంబరపడ్డానో. విన్నది ఒక్క ముక్క వదలకుండా రాయాలని టీచరమ్మ నేర్పింది. వారం రోజులు ఫోన్‌లో అలాగే టైపు చేశాను. గుణింతాల ధ్యాసలో అర్థం పట్టించుకోలేదు. చిన్నమ్మాయి చదవకుండానే దాన్ని వీడియోకు జతచేసింది.

చిట్గుప్పలో అందరం టీవీ ముందు కూర్చున్నాం. తలంబ్రాలప్పుడు తెర కింద అక్షరాలు వచ్చాయి: "గా వియ్యపురాలిని చూడవే, బంగారం దుకాణం నడిచొస్తున్నట్టుంది."

కెమెరా పక్కనే ఉందని తెలియక మా చెల్లి చెవిలో నేనన్న మాట అది. బిడ్డ కాపురంలో నేనే నిప్పులు పోశాననుకున్నాను.

వియ్యపురాలు కళ్లద్దాలు సవరించుకుంది. "గిది ఎవరన్నరు వదినా?"

"నేనే అన్న," అన్నాను తలొంచుకుని.

"అంటే అన్నవ్ గని, ఒక్క తప్పు లేకుంట రాసినవ్," అని ఆవిడ నవ్వింది. "ఇగ నా గురించి చాటుగ ఏమన్నా గిట్లనే రాసియ్యి."

అప్పటి నుంచి ఎవరి చెవిలోనైనా ఏదైనా అనే ముందు మనసులో రాసి చూసుకుంటున్నాను. సగం మాటలు అక్కడే కొట్టేస్తున్నాను.